సోమలింగం డాట్ కామ్

ఈ ఉగాదికి మన సంఘం వేడుకల్లో పులిహోర కోసం వరసలో నిలబడి ఉండగా ఒక కుర్రాడు పలకరించాడు. మాస్టర్స్ పూర్తిచేసి రెండేళ్ళయిందట, ఉద్యోగంలో కుదురుకున్నాడట. “అంకుల్, మీరు పత్రికలో కంప్యూటర్ల గురించి రాస్తుంటారు కదా! నేను డాట్ ఏఐ పేర్లు నలభై కొన్నాను. అన్నీ పాడి పశువులు, రొయ్యల చెరువులు, మామిడి తోటలు… ఇంకా ఎవరి కన్నూ పడని రంగాలు. వీటికి గిరాకీ ఎప్పుడొస్తుందంటారు?” అని అడిగాడు.

“వచ్చే సంచికలో రాస్తాను, చదువు” అని తప్పించుకున్నాను. తప్పించుకోవడానికి కారణం ఉంది. ఇదే ప్రశ్నకు నేను ఒకసారి తేదీతో సహా జవాబు చెప్పాను. ఆ జవాబు నమ్మి గుంటూరులో మా బావగారు రెండు లక్షల రూపాయల ఫిక్సెడ్ డిపాజిట్ మధ్యలోనే తీసేసి ఆ డబ్బు నాకిచ్చారు. ఆ కథ ఈ శీర్షికలో ఇంతవరకు రాయలేదు. రాయడానికి మొహం చెల్లలేదనడమే నిజం.

కంప్యూటర్లతో పరిచయం తక్కువున్న పాఠకుల కోసం ముందు రెండు మాటలు. వెబ్‌సైటుకు ఉండే చిరునామానే డొమైన్ పేరు అంటారు. ‘కొన్నాను’ అంటాం గాని నిజానికి అది కొనుగోలు కాదు, ఏడాదికింత చొప్పున కట్టే అద్దె. కట్టడం మానేస్తే పేరు చేజారిపోతుంది. 1995 సెప్టెంబరు దాకా డాట్ కామ్ పేర్లు ఉచితంగానే ఇచ్చేవారు. ఆ తర్వాత రెండేళ్ళకు 100 డాలర్లు పెట్టారు. పోటీ వచ్చాక టోకు ధర 6 డాలర్లకు దిగింది. మళ్ళీ మెల్లగా ఎక్కుతూ 2024 సెప్టెంబరుకు 10 డాలర్ల 26 సెంట్లయింది. మంచి పేరు ముందుగా పట్టుకుని, అవసరమైనవాడు వచ్చినప్పుడు ఎక్కువకు అమ్ముకోవడం ఒక వ్యాపారం. బిజినెస్ డాట్ కామ్ అనే పేరు 1997లో లక్షన్నర డాలర్లకు చేతులు మారి, 1999లో 75 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. నేను 2002లో చదువుకోవడానికి టెక్సాస్‌లో దిగేసరికి డాట్ కామ్ బుడగ పేలిపోయి ఉంది గాని, నలుగురం కలిసి ఉన్న అపార్ట్‌మెంటులో రాత్రిళ్ళు అన్నం వండుకుంటూ చెప్పుకునే కథలు మాత్రం ఇవే.

ఇంగ్లిషులో మంచి మాటలన్నీ అప్పటికే అయిపోయాయి. మరి తెలుగులో? చిరునామాలను ఇతర లిపుల్లో రాసుకునే పద్ధతికి 2003లో ప్రమాణాలు వచ్చాయి. 2006 అక్టోబరులో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 7 వాటిని అర్థం చేసుకోవడం మొదలుపెట్టింది. అప్పటికి తెలుగు వికీపీడియా పుట్టి మూడేళ్ళు కావస్తోంది. లేఖినిలో ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు వస్తుంటే పండగలా ఉండేది. రేపో మాపో మనవాళ్ళంతా అంతర్జాలంలో తెలుగులోనే తిరుగుతారు, తెలుగులోనే చిరునామాలు కొడతారు అనుకున్నాను. పెళ్ళిళ్ళు, భూములు, బంగారం, వంటలు, ఉద్యోగాలు… ఇలాంటి మాటలు తెలుగు అక్షరాల్లో రాసి చివర డాట్ కామ్ ఉన్నవి అరవై పేర్లు పట్టుకున్నాను. అందరికంటే ముందు చేరానని లోలోపల గర్వం కూడా.

మరుసటి ఏడాది పెళ్ళయింది. మా ఆవిడ ఒకరోజు క్రెడిట్ కార్డు బిల్లు చూసి ఈ అరవై ఏమిటని అడిగింది. గంటసేపు వివరించాను. అంతా విని, “ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. సైటూ లేదు, చూసేవాడూ లేడు, పేరు మాత్రం ఉంది” అంది. అప్పట్నించి మా ఇంట్లో వాటికి సోమలింగాలనే పేరు స్థిరపడింది. ప్రతి అక్టోబరులో రెన్యువల్ ఈమెయిళ్ళు రాగానే, “సోమలింగాలకు ఫీజు కట్టారా?” అని అడిగేది.

2011లో నా ఆశకు కొత్త ఊపిరి వచ్చింది. అంతకు ముందు ఏడాదే రష్యావాళ్ళు తమ సిరిలిక్ లిపిలో దేశం చిరునామా తెరిస్తే జనం లక్షల్లో ఎగబడ్డారు. 2011లో తెలుగు ‘డాట్ భారత్’తో సహా ఏడు లిపుల్లో మన దేశం చిరునామాలు అంతర్జాలపు మూల పట్టికలోకి ఎక్కాయి. నా పేర్లు డాట్ కామ్‌వే అయినా, తెలుగు చిరునామాలు కొట్టడం జనానికి అలవాటైతే వాటికీ రెక్కలొస్తాయని లెక్కవేశాను. మాస్టర్స్‌లో నేర్చుకున్న విద్యంతా పెట్టి ఒక స్ప్రెడ్‌షీట్ తయారుచేశాను. తెలుగువాళ్ళెందరు, వాళ్ళలో అంతర్జాలం అందేవాళ్ళు ఏటా ఎంతమంది పెరుగుతారు, అందులో తెలుగు మాత్రమే చదివేవాళ్ళెందరు. గీత పైకి వంగి 2015 దగ్గర ఆకాశానికి లేచింది. ఆ ఉత్సాహంలో ఉండగా అక్కయ్యతో మాట్లాడటానికి ఫోన్ చేస్తే బావగారు ఎత్తారు.

బావగారిది మిర్చి వ్యాపారం. అంతా విని ఒక్క ప్రశ్నే వేశారు: “ఎప్పటికొస్తుందయ్యా గిరాకీ?”

“2015 నాటికి బావగారూ. ఖాయం.”

వారం తిరక్కుండా డబ్బు సర్దారు. మా మేనకోడలి చదువు కోసం వేసిన డిపాజిట్ అది. ఆ సంగతి నాకప్పుడు చెప్పలేదు, నేను అడగనూ లేదు. అప్పటి మారకంలో సుమారు 4,300 డాలర్లు. నాది కొంత కలిపి పేర్ల సంఖ్యను 240కి పెంచాను.

2014 సంక్రాంతికి ఇండియా వెళ్ళినప్పుడు బావగారు నన్ను కోల్డ్ స్టోరేజీకి తీసుకెళ్ళారు. బయట ఎండ, లోపల వణికించే చలి, పైకప్పు దాకా మిర్చి టిక్కీలు, గొంతు పట్టేసే ఘాటు. “మీ పేర్ల వ్యాపారం, మా ఏసీ సరుకు ఒకటేనయ్యా” అన్నారు. “పంట దిగినప్పుడు కొంటాం, అద్దె కట్టి దాస్తాం, ధర కోసం చూస్తాం. ధర ఎప్పుడు పెరుగుతుందో మా నాన్నకీ తెలీదు, నాకూ తెలీదు. నాకు తెలిసినవి మూడే. టిక్కీకి అద్దె ఎంత. కొత్త పంట దిగడానికి ఎన్నాళ్ళుంది. కొనేవాడు కారం మిల్లువాడా, నాలాంటి ఇంకో వ్యాపారా. వ్యాపారే కొంటుంటే ఆ ధర నిలబడదు. వాడూ అమ్ముకోడానికే కొంటాడు, తినడానికి కాదు.”

నేను నవ్వి ఊరుకున్నాను. కంప్యూటర్ల విషయం మిర్చితో ఏం పోలిక అనుకున్నాను. అరగంటలో ఆయన చెప్పింది నా స్ప్రెడ్‌షీట్‌లో ఒక్క గడిలోనూ లేదని ఇంటికెళ్ళి చూసుకున్నా తెలిసేది. చూసుకోలేదు.

మూడూ ఒకదాని వెంట ఒకటి నా ముందుకొచ్చాయి. మొదట కొత్త పంట. 2013 చివరి నుంచి డాట్ కామ్‌కు పోటీగా కొత్త కొత్త తోకలు దిగడం మొదలై, కొన్నేళ్ళలో వెయ్యి దాటాయి. పేర్లకు కరువన్న మాటే పోయింది. రెండోది, కొనేవాళ్ళు. 2015 వచ్చింది, వెళ్ళింది. నన్ను ధర అడిగినవాళ్ళలో నూటికి తొంభైమంది నాలాగే పేర్లు దాచుకున్నవాళ్ళు. ఒకరి సరుకు ఒకరికి చూపించుకుని, “అబ్బ, మంచి పేరండీ” అని మెచ్చుకోవడమే మా బజారు. మిల్లువాడు రాలేదు. ఇక మూడోది అద్దె. 240 పేర్లకు ఏడాదికి 2,160 డాలర్లు. మా అబ్బాయి కాలేజీ ఖాతాలో నెలనెలా వెయ్యాల్సిన డబ్బు కొన్ని నెలలు ఇటు మళ్ళింది.

ఇందులో విచిత్రం ఏమిటంటే, నా జోస్యంలో సగం అక్షరాలా నిజమైంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక పల్లెపల్లెకూ డేటా చేరింది. 2016లో భారతీయ భాషల్లో అంతర్జాలం వాడేవాళ్ళు 23 కోట్ల 40 లక్షలనీ, ఇంగ్లిషులో వాడేవాళ్ళను దాటిపోయారనీ 2017లో కేపీఎంజీ, గూగుల్ కలిసి వేసిన నివేదిక తేల్చింది. అంటే జనం వచ్చారు. నేననుకున్నదానికంటే ఎక్కువే వచ్చారు. కాకపోతే నేను గడియ తీసి కూర్చున్న గుమ్మంలోంచి రాలేదు. వాట్సాప్‌లో వచ్చారు, యూట్యూబ్‌లో వచ్చారు, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని మాటతో వెతుక్కున్నారు. చిరునామా గడిలో అక్షరాలు కొట్టే ఓపిక ఎవరికీ లేకపోయింది.

కొడదామనుకున్నా సులువు కాదు. పేరు తెలుగులో కొట్టాక డాట్ కామ్ కోసం కీబోర్డును ఇంగ్లిషుకు మార్చాలి. ఒకరు ‘పెళ్లి’ అని రాస్తారు, ఇంకొకరు ‘పెళ్ళి’ అని రాస్తారు. కంప్యూటరుకు ఆ రెండూ వేర్వేరు చిరునామాలు, రెండింటికీ అద్దె కట్టాలి. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాట విడివిడిగా కనబడాలంటే మధ్యలో కంటికి కనిపించని గుర్తొకటి ఉండాలి. 2003 నాటి నియమాలు ఆ గుర్తును తీసిపారేసేవి. 2010లో వచ్చిన కొత్త నియమాల్లో గాని దానికి షరతులతో చోటు దొరకలేదు. ఇక ఎవరికైనా లింకు పంపితే చాలాచోట్ల తెలుగు మాయమై ‘ఎక్స్ ఎన్’తో మొదలయ్యే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాల దండ కనిపించేది. చూసినవాళ్ళు వైరస్ అనుకుని తెరిచేవారు కారు. ఆ సంగతి పక్కన పెట్టి, ఎవరూ కొనకపోయినా పేజీ మీద ప్రకటనలు పెట్టి అద్దె రాబట్టుకుందామంటే, గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగు పేజీలకు అధికారికంగా తలుపు తీసింది 2018లో. అప్పటికి నేను కొట్టు కట్టేస్తున్నాను.

ఎందుకు కట్టేశానో కూడా చెప్పాలి. 2017 వేసవిలో అక్కయ్య ఫోన్ చేసింది. అదీ ఇదీ మాట్లాడి, చివర్లో, “తమ్ముడూ, అమ్మాయికి ఇంజనీరింగ్ సీటొచ్చిందిరా. మీ బావగారు అడగొద్దన్నారు. ఆ పేర్లేమైనా అమ్ముడుపోయాయా?” అంది. ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రోజే నాకు తెలిసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి మా ఆవిడకు చెప్పాను. సోమలింగాల జోకు వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. “ముందు డబ్బు పంపండి” అంది, అంతే.

డిపాజిట్‌లోనే ఉండి ఉంటే ఆరేళ్ళకు తొమ్మిది శాతం చొప్పున ఎంతయ్యేదో లెక్కకట్టి మూడు లక్షల ముప్ఫై అయిదు వేలు పంపాను. రెండు లక్షలు ఫీజుకు ఉంచుకుని మిగతాది బావగారు వెనక్కి పంపేశారు. “నేనేమన్నా నీకు అప్పిచ్చానా, వడ్డీ ఇవ్వడానికి? వాటా పెట్టాను. సరుకు పోతే ఇద్దరికీ పోతుంది” అన్నారు. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

2018 అక్టోబరులో ఈమెయిళ్ళు వచ్చినప్పుడు రెన్యువల్ బొత్తాం నొక్కలేదు. పన్నెండేళ్ళలో పెట్టింది 17 వేల డాలర్ల పైచిలుకు. అమ్మింది మూడు పేర్లు, వచ్చింది 1,050 డాలర్లు. అంటే ఒక్కో అమ్మకానికి 5,700 డాలర్ల దాకా ఖర్చుపెట్టి 350 రాబట్టానన్నమాట. ఆ ముగ్గురిలో ఇద్దరు నాలాంటి వ్యాపారులే. వంటల సైటు కోసం కొనుక్కున్న ఒక్కావిడే అసలైన కొనుగోలుదారు.

ఇప్పుడు ఆ కుర్రాడి ప్రశ్నకు వద్దాం. బాబూ, ‘ఎప్పుడు’ అన్నది నీకూ నాకూ తెలియదు. తెలుసన్నవాళ్ళ చరిత్ర చూడు. 2006లో సెల్‌ఫోన్ల కోసమే ప్రత్యేకంగా డాట్ మోబి అని తెచ్చారు. పెద్దపెద్ద కంపెనీలు వెనకున్నాయి. ఫ్లవర్స్ డాట్ మోబి ఆ ఏడాదే వేలంలో రెండు లక్షల డాలర్లు పలికింది. ఫోన్లలో అంతర్జాలం వస్తుందన్న జోస్యం నూటికి నూరుపాళ్ళు నిజమైంది. కానీ 2007లో ఐఫోన్ వచ్చి మామూలు వెబ్‌సైట్లనే ఫోన్లో చూపించేసరికి ఆ తోక అవసరమే లేకుండా పోయింది. దీనికి తలకిందులు నువ్వు కొన్న డాట్ ఏఐ. అది కరీబియన్ సముద్రంలో పదహారువేల జనాభా ఉన్న అంగ్విల్లా దీవికి 1995లో దక్కిన దేశం గుర్తు. పాతికేళ్ళకు పైగా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక, 2023లో ఆ ప్రభుత్వ ఆదాయంలో అయిదో వంతుకు పైగా ఈ పేర్ల మీదే వచ్చింది. ఒకచోట అవసరం వచ్చి పేర్లు మిగల్లేదు, ఇంకోచోట పేరుండగా అవసరం వెతుక్కుంటూ వచ్చింది. రెండు చోట్లా ముందే తేదీ చెప్పగలిగినవాడు లేడు.

అందుకని తేదీ వెతకడం మానేసి బావగారి మూడు ప్రశ్నలు వేసుకో.

మొదటిది అద్దె. ఈ వ్యాపారంలో నలిగినవాళ్ళు మామూలుగా చెప్పుకునే లెక్క, మంచి డాట్ కామ్ పేర్లయినా ఏడాదికి వందలో ఒకటో రెండో అమ్ముడుపోతాయని. వంద పేర్లకు పన్నెండు డాలర్ల చొప్పున 1,200 కట్టి ఒకటే అమ్మితే, అమ్మిపెట్టినవాడి కమిషన్ ఇరవై శాతం పోగా ఆ ఒక్కటీ 1,500కు పోతేనే అసలు గిట్టుబాటు. నీ డాట్ ఏఐకి ఏడాదికి 70 డాలర్లు అనుకుంటే, నలభై పేర్లకు 2,800. వందకొకటి చొప్పున అమ్ముడైతే నీకు రెండున్నరేళ్ళకు ఒక అమ్మకం. ఆలోగా 7,000 కట్టి ఉంటావు. కమిషన్‌తో కలిపి ఆ ఒక్క పేరూ 8,750 పలకాలి. రొయ్యల చెరువుల వాళ్ళలో అంత పెట్టేవాళ్ళెవరో ఇవాళే పేరుతో సహా చెప్పగలవా?

రెండోది, కొనేవాడు మిల్లువాడా, వ్యాపారా. దీనికి నేనొక కొలత పెట్టుకున్నాను. ఇండియా వెళ్ళినప్పుడల్లా గుంటూరు లాడ్జి సెంటరు నుంచి మిర్చి యార్డు దాకా దారిలో బోర్డులు చదువుతాను. కొట్టు పేరు తెలుగులో ఉంటుంది, ఫోన్ నంబరు ఉంటుంది, ఈ మధ్య క్యూఆర్ గుర్తు ఉంటుంది. తెలుగు అక్షరాల్లో వెబ్ చిరునామా ఒక్కటీ నా కంటబడలేదు. ఆ బోర్డులు 2011లో చదివి ఉంటే నా స్ప్రెడ్‌షీట్ అవసరమే ఉండేది కాదు. నువ్వూ నీ రంగం వాళ్ళ బోర్డులు, కార్డులు, ప్రకటనలు చూడు. వాళ్ళు సొంత డబ్బుతో అలాంటి పేర్లు వాడటం మొదలుపెడితే గిరాకీ దారిలో ఉన్నట్టు.

మూడోది, ఎన్నేళ్ళు ఆగగలవు. అది కొన్న రోజే కాగితం మీద రాసి పెట్టుకో. ఆ తేదీ వస్తే మెడ మీద కత్తి పెట్టినా రెన్యువల్ చెయ్యకు. ఇన్నాళ్ళు కట్టాం కదా, ఇంకో ఏడాది చూద్దామనే మాటే నా చేత చివరి నాలుగేళ్ళ అద్దె కట్టించింది. ఇంకొకటి, ఎవరి కంపెనీ పేరో, ట్రేడ్‌మార్కో పట్టుకుని వాళ్ళకే అమ్ముదామని చూడకు. అమెరికాలో 1999 నాటి చట్టం ప్రకారం పేరొక్కింటికి లక్ష డాలర్ల దాకా వాత పడొచ్చు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, నా కోసం నేను రాసుకున్నది. నీ జోస్యం మీద నీ డబ్బు పెట్టుకో. ఇంకొకరిది పెట్టించకు. బావగారికి మిర్చి గురించి తెలియనిది లేదు. ఇంకెవరైనా చెప్పి ఉంటే ఆ మూడు ప్రశ్నలూ ముందే అడిగేవారు. చెప్పింది అమెరికాలో కంప్యూటర్లు చదివిన బావమరిది కాబట్టి అడగలేదు. ఆయన పందెం కాసింది పేర్ల మీద కాదు, నా మీద.

తెలుగు పేర్లలో నాలుగు మాత్రం వదల్లేదు. వాటిలో ఒకటి పచ్చళ్ళకు సంబంధించినది. మా మేనకోడలు ఇంజనీరింగ్ పూర్తిచేసి, కొన్నాళ్ళు హైదరాబాదులో ఉద్యోగం చేసి, ఇప్పుడు గుంటూరులో కారప్పొడులు, పచ్చళ్ళు తయారుచేసి అమ్ముతోంది. కిందటేడు వెళ్ళినప్పుడు ఆ పేరు దానికి కానుకగా ఇద్దామని ఎంతో సంబరంగా చెప్పాను. ఫోన్లో కొట్టి చూసింది. రెండుసార్లు తప్పు పడింది. మూడోసారి వచ్చింది.

“పేరు చాలా బాగుంది మామయ్యా. కానీ ఇది కొట్టేదెవరు? నాకు ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే వస్తాయి” అంది. నా మొహం చూసి కాబోలు, కాసేపాగి, “సీసా మీద చీటీకి పనికొస్తుందేమో. చూడ్డానికి అందంగా ఉంది” అని కలిపింది.

పక్క గదిలోంచి బావగారు కేకేశారు. “ఏవయ్యా, గిరాకీ వచ్చినట్టేనా?”

“సీసా మీదికి వచ్చింది బావగారూ” అన్నాను.

వచ్చే అక్టోబరులో ఆ ఒక్కదానికీ ఫీజు కడతాను. మిగతా మూడింటి సంగతి మా ఆవిడను అడగాలి. వచ్చే సంచికలో పాత కంప్యూటర్లను పారేసే ముందు ఏం చెయ్యాలో చెప్పుకుందాం. అందాకా సెలవు.